వాగు నడుమ ఇల్లు

నల్లగుట్ట కింద అలసంద చేను గట్టున తంగేడు పొదలుండే రోజుల్లో, అక్కడి జంతువులకు ఇల్లు వేరు, మేత వేరు అని తెలియదు. కుందేలు గురవయ్య ఒళ్లు విరుచుకుని లేస్తే మూతికి అలసంద ఆకు తగిలేది. అతని భార్య పున్నమ్మ సాయంత్రాలు పొద ముందు కూర్చుని, పక్కింటి ముళ్లపంది సూరక్కతో కబుర్లాడేది. తంగేడు పూసిందంటే గట్టంతా పసుపు రాసిన గడపలా ఉండేది.

ఒక వేసవిలో మనుషులొచ్చి గట్టు చదును చేసి బాట వేశారు. పొదలు పోయాయి, చేను మిగిలింది. అందరూ తలో దిక్కున ఇల్లు కట్టుకుని రోజూ చేనుకి వచ్చిపోవడం మొదలుపెట్టారు. సూరక్క దూరంగా మిట్ట మీద బొరియ తవ్వుకుంది. గురవయ్య దంపతులు మాత్రం ఓ రాళ్లకుప్ప చాటున తలదాచుకున్నారు. పున్నమ్మ చూలాలు. పిల్లలు పుట్టేలోగా ఇల్లు కావాలి.

ఆ సంగతి నక్క జంబులయ్య చెవిన పడింది.

"బావా, బంగారంలాంటి ఇల్లు చూపిస్తా, రా!" అన్నాడు.

మిట్టమధ్యాహ్నం ఇద్దర్నీ తీసుకెళ్లాడు. వాళ్లు మాత్రం అందకుండా ఎడంగానే నడిచారు. ఎండిపోయిన వాగు రెండు పాయల నడుమ ఓ ఇసుకదిబ్బ. దాని మీద ఒత్తుగా రెల్లు, ఒక తుమ్మచెట్టు. అక్కణ్ణించి చేను కనబడుతూనే ఉంది.

"నాలుగు గెంతులేస్తే ఇల్లు! ఆ సూరక్కలా కాళ్లీడ్చుకుంటూ మిట్ట ఎక్కే పనేముంది?" అన్నాడు జంబులయ్య.

గురవయ్య రెల్లులో పొర్లి చూశాడు. "పున్నీ, అచ్చం మన పాత పొదలో పడుకున్నట్టే ఉందే!" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

పున్నమ్మకీ పాత గట్టే గుర్తొచ్చింది. అయినా అడిగింది.

"అన్నా, ఇక్కడ ఇరుగుపొరుగు ఎవరు?"

"ఎవరూ లేరు చెల్లెమ్మా. ఏ గొడవా లేదు."

"ఇంత మంచి చోట ఒక్క కౌజుపిట్టయినా లేదేం?"

"వాటికంత రాత ఉండొద్దూ!"

"మరి వాగుకి నీళ్లొస్తే?"

"ఈ వాగా! తడవడం ఎప్పుడో మరిచిపోయింది."

పున్నమ్మ తలెత్తి చూసింది. తుమ్మకొమ్మల్లో చాలా ఎత్తున ఎండుగడ్డీ చెత్తాచెదారం చుట్టుకుని ఉన్నాయి. వరద తెచ్చి చుట్టిందే తప్ప గాలి చేసిన పని కాదది.

"ఆలోచించుకుని చెబుతాం అన్నా," అంది.

తిరిగొస్తూ గురవయ్య విసుక్కున్నాడు. "ఇంకా ఆలోచనేమిటి? ఈ ఒంటితో నువ్వు మిట్ట దాకా నడవగలవా?"

"ఇల్లు చూశాం, దారి చూడలేదయ్యా. రోజూ ఇంటికొచ్చేది మిట్టమధ్యాహ్నమా? పొద్దుగూకాక ఒకసారి నడిచి చూద్దాం పద."

ఆ సాయంత్రం చేలోంచి బయల్దేరారు. దిబ్బకి పోవాలంటే రెండు బండల మధ్య సందే దారి. దగ్గరికి రాగానే గాలిలో నక్క వాసన గుప్పుమంది. బండ చాటున జంబులయ్య పొంచి కూర్చుని, ఆ సందులోకే చూస్తూ మూతి నాకుకుంటున్నాడు. ఇద్దరూ ఊపిరి బిగబట్టి వెనక్కి జారుకున్నారు.

"పాత ఇంటి మీద బెంగ నా కళ్లు కప్పేసిందే," అన్నాడు గురవయ్య.

"మనం తప్పుకుంటే ఇంకెవరికో చూపిస్తాడు. ముందు వాడి సంగతి చూడాలి," అంది పున్నమ్మ.

మృగశిర కార్తె వచ్చింది. చీమలు గుడ్లు మోసుకుని మిట్టకెక్కుతున్నాయి. నల్లగుట్ట మీద మబ్బు కమ్ముకొస్తోంది. పున్నమ్మ దూరంగా నిలబడి జంబులయ్యను కేకేసింది.

"అన్నా, ఇల్లు నచ్చింది! ఈ సాయంత్రమే చుట్టాలందరితో దిగుతాం. ఇల్లు చూపిన పెద్దమనిషివి, ముందుగా నువ్వెళ్లి రెల్లులో కూర్చుంటే మాకు శుభం."

చుట్టాలందరూ అనేసరికి జంబులయ్యకు నోరూరింది. "అంతకన్నానా చెల్లెమ్మా! మీ శుభమే నాకు కావాలి," అంటూ నక్క వినయాలు పోయాడు. వెంటనే వెళ్లి రెల్లులో నక్కి కూర్చున్నాడు. చినుకులు పడ్డాయి. 'ఇదిగో వచ్చేస్తారు' అనుకున్నాడు. గుట్ట మీద వాన కుండపోతగా కురిసింది. వాగు రెండు పాయలా హోరుమంటూ వచ్చింది. లేచి చూసేసరికి ఏ పక్కా అడుగు పెట్టడానికి ఇసుక లేదు. తాను తీసిన గోతిలో తానే పడ్డ జంబులయ్య, ముళ్లు గుచ్చుకుంటున్నా తుమ్మచెట్టు పట్టుకుని ఎగబాకాడు.

మిట్ట మీంచి గురవయ్య, పున్నమ్మ, సూరక్క చూస్తున్నారు.

"చెల్లెమ్మా! ఇదేం న్యాయం?" అని అరిచాడు నక్క.

"న్యాయం సంగతి నాకేం తెలుసన్నా! ఇల్లు చేనుకి దగ్గరే, వాగుకి మరీ దగ్గర. నీళ్లు తీసేదాకా నువ్వే ఉండు," అంది పున్నమ్మ.

సూరక్క ఒళ్లంతా ముళ్లు గలగలలాడేలా నవ్వింది.

వరద తీశాక జంబులయ్య తడిసిన తోక కాళ్ల మధ్య పెట్టుకుని గుట్ట అవతలికి పోయాడు. మళ్లీ ఎవరికీ ఇల్లు చూపిస్తానని రాలేదు.

పున్నమ్మ పిల్లలు సూరక్క పక్కన, మిట్ట మీది పొదలో పుట్టారు. దారి దూరమే, కాళ్లు లాగుతాయి. కానీ పొద్దున అందరూ కలిసే వెళతారు, సాయంత్రం కలిసే వస్తారు. దారి పొడుగునా పాత గట్టు కబుర్లే.

"ఆ పొదలు ఉండుంటే ఎంత బాగుండేదక్కా," అన్నాడో సాయంత్రం గురవయ్య.

"బాగుండేదిరా," అంది సూరక్క. "నడు, పిల్లలు ఎదురుచూస్తుంటారు."

నీతి: ఇల్లు ఎంచుకునేటప్పుడు బెంగ చెప్పేది సగమే విను, రోజూ నడవాల్సిన దారి చెప్పేది పూర్తిగా విను.