తాళం వేసిన ఎక్కాల పెట్టె

గవరయ్య పంతులికి వచ్చింది ఇరవై ఎక్కాలే. అందులోనూ పదమూడో ఎక్కంలో తడబడితే పిల్లలే అందించాలి. అందుకే ఎక్కాల తాటాకుల్ని బడి గోడకు వేలాడదీసి, "తప్పు కనిపిస్తే దిద్దండ్రా, కావాలంటే రాసుకుపొండి" అనేవాడు.

ఒకరోజు ఆస్థాన పండితుడు ఉద్దండశాస్త్రి రాజుగారిని వెంటబెట్టుకుని బడికి వచ్చాడు. చేతిలో తాళం వేసిన పెట్టె. పిడి తిప్పితే దాని కిటికీలో ఎక్కం కనిపిస్తుంది.

"ప్రతి బడిలోనూ ఇదే ఉండాలి ప్రభూ! లేదంటే బడి మూసెయ్యాలి. ఈ ఆకుల మీద ఎవడైనా తప్పు రాసేయొచ్చు."

"అయితే ఒకటి రాయండి శాస్త్రిగారూ," అన్నాడు గవరయ్య.

శాస్త్రి పిల్లల కంట పడకుండా ఏడెనిమిదులు యాభైనాలుగని మార్చాడు. ఆకు గోడకెక్కిందో లేదో, ముగ్గురు పిల్లలు ఎగబడ్డారు. "ఎవడ్రా ఈ వెధవ పని చేసింది? యాభైయారు!" అంటూ దిద్దేశారు. రాజుగారు నవ్వు ఆపుకున్నారు.

"ఇప్పుడు మీ పెట్టెలో నన్నొక తప్పు రాయనివ్వండి," అన్నాడు గవరయ్య.

"అసాధ్యం! రాసింది నేను, తాళంచెవి నా మొలతాడుకుంది. ఇంకొకరి చెయ్యి లోపలికి పోదు!"

గవరయ్య తీరిగ్గా పిడి తిప్పుతూ పోయి ఆరో ఎక్కం దగ్గర ఆగాడు. ఆరెనిమిదులు నలభైతొమ్మిది! పిల్లలు గొల్లున నవ్వారు.

"నా ఆకుల్లో తప్పు ఎవరిదో చెప్పలేం ప్రభూ, చాలావరకు నాదే," అన్నాడు గవరయ్య వినయంగా. "ఇది మాత్రం అనుమానం లేకుండా శాస్త్రిగారిదే."

రాజుగారు ప్రతి బడికీ ఆ ఆకుల నకళ్ళు పంపమన్నారు. రాసే పని శాస్త్రికి, దిద్దే పని పిల్లలకి.