చెయ్యెత్తితే ఆగే డాక్టరమ్మ

అనగనగా ఒక ఊళ్ళో తాయారని ఓ పిల్ల. దానికీ నీలాగే ఆరేళ్ళు, నీలాగే ఓ పుచ్చుపన్ను. బుగ్గ బూరెలా పొంగింది. జంతిక కాదు కదా, పెరుగన్నం కూడా నమల్లేకపోయింది.

అప్పుడు వాళ్ళమ్మ "బజారుకెళ్దాం రావే" అని చెప్పి పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడ ఇద్దరు కాళ్ళూ చేతులూ పట్టుకున్నారు. తాయారు ఊరుకుందా? డాక్టరు వేలు కసుక్కున కొరికింది. ఆయన కెవ్వుమన్నాడు. పన్ను మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

ఆ తర్వాత తాయారు ఎవరికీ నోరు చూపించలేదు. నాన్న బొమ్మ కొంటానన్నాడు. తెరవలేదు. అమ్మ కోప్పడింది. తెరవలేదు. వాళ్ళమ్మమ్మ "నొప్పే ఉండదే తల్లీ" అంది.

"అబద్ధం," అంది తాయారు, పళ్ళు బిగించే.

చివరికి మంచినీళ్ళు తాగడానికీ ఏడ్చింది. అప్పుడు పక్క ఊరి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. ఈసారి ఎక్కడికో చెప్పే తీసుకెళ్ళారు.

డాక్టరమ్మ నోరు తెరవమనలేదు. "సూది చీమ కుట్టినట్టుంటుంది. ఆ తర్వాత మొద్దుబారుతుంది. లాగేటప్పుడు గట్టిగా నొక్కినట్టుంటుంది. నువ్వు ఎడమచెయ్యి ఎత్తావంటే నేను ఆపేస్తాను," అంది.

"ఒట్టు?"

"ఒట్టు."

సూది దగ్గరికి రాగానే తాయారు చెయ్యెత్తింది. డాక్టరమ్మ ఆగింది. చెయ్యి దిగాకే సూది గుచ్చుకుంది, చీమలాగే. మళ్ళీ చెయ్యెత్తింది. మళ్ళీ ఆగింది. ఆ తర్వాత పటకారు పన్నును పట్టుకుంది. అప్పుడు మూడోసారి ఎత్తింది.

వాళ్ళమ్మకి ఓపిక చచ్చింది. "ఇంక లాగెయ్యండి డాక్టరుగారూ, చేతులు నేను పట్టుకుంటా."

"దానికి మాటిచ్చానమ్మా," అని డాక్టరమ్మ పటకారు తీసి పళ్ళెంలో పెట్టేసింది.

తాయారు పళ్ళెం వంక చూసింది. డాక్టరమ్మ వంక చూసింది. అప్పుడు తన చెయ్యి తనే దించి, ఒళ్ళో పెట్టుకుని, నోరు ఇంత బారున తెరిచింది.

ఒక్క లాగు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నిజమే. పన్ను మాత్రం వచ్చేసింది. ఇంటికెళ్ళి దాన్ని పేడముద్దలో పెట్టి కప్పు మీదికి తాయారే విసిరింది.

ఏంటీ? రేపు డాక్టరు దగ్గర నువ్వు చెయ్యెత్తినా ఆపుతారా అనా? పొద్దున ఫోన్ చేసి అడిగాను. ఆపుతారట. మర్చిపోతే గుర్తుచెయ్యడానికి పక్కనే నేనుంటాను.

కథేమో కంచికి, పన్నేమో కప్పుకి,
చెయ్యేమో దుప్పట్లోకి, నువ్వేమో నిద్రలోకి.