హార్డ్‌డిస్కులో తిరుపాలమ్మ

శుక్రవారం పొద్దున కేశవులు చప్పుడు చెయ్యకుండా వంటింట్లోకి వచ్చి, నా ఫ్రిజ్ తలుపు తీసి, పెరుగు గిన్నె పక్కన అరచేతంత నల్లటి డబ్బా ఒకటి పెట్టబోయాడు.

"ఏందయ్యా అది? నా పెరుగు దగ్గర దానికేం పని?" అన్నాను.

"అరవబాక అక్కా, స్వామి వింటారు. హార్డ్‌డిస్కు. ఓ పూట చల్లగా ఉంచితే పోయినవన్నీ తిరిగొస్తాయంట. ఫోన్లో వీడియో చూశా."

"అదేమన్నా తోడేసిన పాలా, పొద్దునకి పేరుకోడానికి? తియ్యి బయటికి. చెమ్మ పట్టిందంటే ఉన్నది కూడా పోద్ది."

తీశాడు. తీసి, ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుని అక్కడే నేలమీద కూలబడ్డాడు. కళ్ళనిండా నీళ్ళు. మంచి చొక్కా తొడుక్కుని మైకు ముందు కూర్చునే మనిషిని అట్లా చూసేసరికి నాకు భయమేసింది.

మాది కనిగిరి అవతల కొండ కింద చిన్న ఆశ్రమం. గురువుగారు వెలిగొండయ్య స్వామి. నేను వంట చూస్తాను. తత్వాలు పాడే ముసలివాళ్ళు ఏ ఊళ్ళో ఉన్నా స్వామి పిలిపించుకుంటాడు. కడుపునిండా అన్నం పెట్టి, పాడించుకుని, గుడ్డలు పెట్టి పంపుతాడు. ఆ పాటలు రికార్డు చేసి హార్డ్‌డిస్కులో దాచే పని కేశవులుది. స్వామి శిష్యుల్లో పాతవాడు. మాట చక్కగా వస్తుంది, ఈమధ్య తనూ ప్రసంగాలు మొదలుపెట్టాడు. చెడ్డవాడు కాదు, కాకపోతే మైకు దొరికిందా, ఇక వదలడు.

"ఏం పోయిందో చెప్పు ముందు," అన్నాను.

"తిరుపాలమ్మ పాటలు."

గరిటె పక్కన పడేసి అతని ఎదురుగా కూర్చున్నాను.

తిరుపాలమ్మ చనిపోయి ఏడాది అయింది. పొలం పనులు చేసుకుంటూ పాడుకునే మనిషి, ఆమె గొంతు ఇంకెక్కడా లేదు. ఆమె కూతురు ఆదెమ్మ పొదిల్లో కూరగాయలు అమ్ముతుంది. మొన్ననే అమ్మకి ఏడాది పెట్టింది. ఆదివారం వస్తాను, మా అమ్మ పాట ఒక్కసారి వినిపించండి అని కబురంపింది. స్వామి రమ్మన్నాడు కూడా.

"ఎట్లా పోయాయి?"

"డిస్కు నిండిపోయింది అక్కా. నిండితే బరువెక్కి తిరగలేదేమో, కాస్త తేలిక చేద్దామని పాతవి తీసేశా. పేరు పెట్టని ఫోల్డరు ఒకటుంటే పనికిరాని చెత్త అనుకున్నా. మళ్ళీ తీసుకునే వీలు లేకుండా డిలీట్ కొట్టేశా. తర్వాత గుర్తొచ్చింది, తిరుపాలమ్మ పాటలకి పేరు పెట్టింది లేదని. పట్టుకుని చూడు, ఎంత తేలిగ్గా ఉందో! లోపల ఏమీ లేదు."

పట్టుకుని చూశాను. నాకైతే ఎప్పటి బరువే అనిపించింది.

"నీ చేతులు పడిపోను! ఎంత పని చేశావయ్యా!" అన్నాను. ఊరికే అనలేదు, నిజంగానే ఒళ్ళు మండింది. "నడువు స్వామి దగ్గరికి."

"డిస్కే పాడైందని ఆదెమ్మకి చెబుదాం అక్కా..."

"నడువు!"

స్వామి వరండాలో కూర్చుని చింతపండులో పిక్కలు తీస్తున్నాడు. కేశవులు జరిగిందంతా చెప్పి తల వంచుకున్నాడు. స్వామి తిట్టలేదు. ఇంకో పిక్క తీసి పక్కన పెట్టాడు.

"అది ఎట్లా పనిచేస్తది నాయనా?"

అడిగితే చాలు, మావాడికి చెప్పడమంటే ప్రాణం లేచొస్తుంది. "లోపల అద్దంలాగా నున్నటి పళ్ళేలు ఉంటాయి స్వామీ, గిర్రున తిరుగుతుంటాయి. వాటిపైన ఒక సన్నటి పుల్ల అటూ ఇటూ కదులుతుంది, తగలదు గానీ తగిలినంత దగ్గర. దాని కొసతో పళ్ళెం మీద అయస్కాంతం గుర్తులు పెడుతుంది. పాటైనా బొమ్మైనా అన్నీ ఆ గుర్తులే. ఏది ఏ చోట ఉందో ఒక పట్టీ కూడా ఉంటుంది. పట్టీ చూసి పుల్ల అక్కడికి పోయి చదువుతుంది."

"డిలీట్ కొడితే?"

"తుడిచిపెట్టుకుపోతుంది స్వామీ."

"పళ్ళెం మీద గుర్తులా, పట్టీలో పేరా?"

కేశవులు నోరు తెరిచి, "అదీ... రెండూ..." అని నసిగాడు. అంత దూరం ఎప్పుడూ ఆలోచించినట్టు లేదు.

స్వామి లేచాడు. మా వరండా గోడకి ఒక నల్లబోర్డు ఉంటుంది. వచ్చిన అతిథులు ఏ గదిలో దిగారో దానిమీద సుద్దముక్కతో రాస్తాం. అతిథి వెళ్ళిపోతే పేరు తుడిచేస్తాం. పేరు లేని గది చూసి, ఊడ్చి, కొత్తవాళ్ళకి ఇస్తాం. స్వామి భుజాన ఉన్న కండువా తీసి, మూడో గది ఎదురుగా ఉన్న మాలకొండయ్య పేరు శుభ్రంగా తుడిచేశాడు.

"మూడో గది ఖాళీ. పోయి ఊడ్చి రా."

"ఆయన నిన్న సాయంత్రమే కదా స్వామీ వచ్చింది?"

"బోర్డు మీద లేడుగా. పో నాయనా."

గురువు మాట. కేశవులు చీపురు తీసుకుని పోయాడు. వెళ్ళి, ఖాళీ గదే కదా అని, తలుపు ధడాలున తోశాడు.

"ఎవడ్రా అది! తలుపు కొట్టి రావాలని తెలీదా!"

ఆ కేకకి కొట్టంలో గేదె కూడా లేచి నిలబడింది. మాలకొండయ్య సంగతి చెప్పలేదు కదూ, ఎరువుల కొట్టు నడిపే మనిషి, భారీ విగ్రహం. లోపల గోచీ పెట్టుకుని, మాడు మొదలు మడమల దాకా నువ్వులనూనె పట్టించుకుని, తలంటుకి సిద్ధంగా పీటమీద కూర్చున్నాడట. కేశవులు చీపురు అక్కడే వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. నేను కొంగు నోట్లో కుక్కుకున్నా నవ్వాగలేదు.

స్వామి మాత్రం నవ్వలేదు. "ఖాళీయేనా?" అన్నాడు.

"లేదు స్వామీ. ఉన్నాడు. నిక్షేపంగా ఉన్నాడు."

అని, అంతటితో ఆగిపోయాడు. బోర్డు వంక చూశాడు. తన చేతిలో డబ్బా వంక చూశాడు. మొహంలోకి మెల్లగా రక్తం వచ్చింది.

"అయితే తిరుపాలమ్మ..."

"అదే గదికి ఇంకొకర్ని పంపితే ఏమవుతుంది?" స్వామి అడిగాడు.

"వాళ్ళు లోపల దిగితే మాలకొండయ్య గారు బయటికి పోవాల్సిందే స్వామీ."

"పేరు తీసేశాక ఆ డిస్కులోకి ఎవర్నన్నా పంపావా?"

కేశవులు తల మళ్ళీ కిందికి వాలింది. "ఒక్కటే స్వామీ. మొన్న పౌర్ణమి ప్రసంగం."

"ఎవరిది?"

"నాదే."

"పెద్దదా?"

"చిన్నదే స్వామీ. గంటన్నర."

అప్పుడు కూడా స్వామి నవ్వలేదు. ఆ ఓర్పు నాకు రాదు. "ఇక దానిలో ఏదీ పెట్టబాక. తీసుకుని ఒంగోలు పో, జిలానీ చూస్తాడు," అన్నాడు. సుద్దముక్కతో మాలకొండయ్య పేరు మళ్ళీ రాసి, నావైపు తిరిగి, "ఆయనకి వేణ్ణీళ్ళు పంపమ్మా, పాపం నూనె కళ్ళలోకి కారుతుంటుంది," అన్నాడు.

జిలానీ అంటే ఒంగోల్లో కంప్యూటర్లు బాగుచేసే మనిషి. డిస్కు చూసి, "దీనిమీద ఇంకేమీ ఎక్కించకుండా తెచ్చావు, బతికించావయ్యా" అన్నాడట. రాత్రంతా దాన్ని గాలిస్తే, పేర్లు పోయిన పాటలన్నీ ఒక్కొక్కటిగా బయటపడ్డాయట. వాటిని వేరే కొత్త డిస్కులోకి ఎక్కించి ఇచ్చాడు. అక్కడక్కడ దెబ్బతిని ఉండొచ్చు, విని చూసుకోమన్నాడు. మావాడికి వినేంత ఓపిక ఎక్కడిది? శనివారం బస్సు దిగి, "వచ్చేసింది అక్కా! తిరుపాలమ్మ వచ్చేసింది!" అని గేటు దగ్గర్నుంచే కేకలు. నాకూ ప్రాణం కుదుటపడింది. ఆ పూట పాయసం వండాను.

ఆదివారం ఆదెమ్మ సంచినిండా దోసకాయలు మోసుకొచ్చింది. అవి నా చేతికిచ్చి, స్వామికి దణ్ణం పెట్టి, స్పీకరు పక్కనే కూర్చుంది. మాలకొండయ్య కూడా వచ్చి కూర్చున్నాడు. కేశవులు పాట పెట్టాడు.

ముందు దగ్గు వినిపించింది. తర్వాత, "ఎత్తుకోనా స్వామీ?" అని తిరుపాలమ్మ గొంతు.

"మా అమ్మే," అంది ఆదెమ్మ. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకూ కళ్ళు చెమర్చాయి.

*వచ్చినపుడు చప్పుడు లేదు, పోయేటపుడు చప్పుడేల...*

స్పీకరు కీచుమంది. ఆ వెంటనే,

"కాబట్టి సోదరులారా! నేను, నేను అనుకోవడమే మన రోగం! ఈ మాట నేను చెప్తున్నా, నేను! ఇన్నేళ్ళ సాధనలో నేను గ్రహించింది ఏమిటంటే, నేను..."

కేశవులు గొంతే. పాట నడిమధ్యలో, ఖంగుమని.

మొదట మాలకొండయ్య నవ్వాడు, ఆయన నవ్వితే బొజ్జంతా కదులుతుంది. ఇక స్వామి! ఇన్నేళ్ళలో ఆయన అట్లా నవ్వడం నేను చూడలేదు. గోడకి ఆనుకుని, కండువాతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. ఆదెమ్మ ఏడుస్తూ ఏడుస్తూనే నవ్వేసింది.

కేశవులు లేచి పాట ఆపేశాడు. "అమ్మా ఆదెమ్మా, తప్పయిపోయింది. మీ అమ్మ ఉన్న చోటు ఖాళీ అనుకుని నా ప్రసంగం పోయి అక్కడ కూర్చుంది. నేను పేరు పెట్టి ఉంటే బాగుండేది, నేను ఇంకో చోట కూడా దాచి ఉండాల్సింది, నేనసలు..."

"ఆ చరణం నాకొచ్చు స్వామీ," అంది ఆదెమ్మ మెల్లగా.

మావాడి మాటల్లో అది ఎవరికీ సరిగా వినిపించలేదు. "...నేను నిన్న విని చూసుకోకపోవడం, అదీ నా తప్పే. నేను ఎంత పాపినంటే, నేను..."

"కేశవులూ," అన్నాడు స్వామి.

"స్వామీ."

"పాటలోనూ నువ్వే, బయటా నువ్వేనా? కాస్త జరుగు నాయనా. ఆ పిల్లని పాడనీ."

కేశవులు టక్కున నోరు మూశాడు. వెనక్కి పోయి, గోడవారగా నా పక్కన కూర్చున్నాడు.

ఆదెమ్మ కళ్ళు తుడుచుకుని ఎత్తుకుంది. అచ్చం వాళ్ళమ్మ గొంతే.

*ఉన్న నాలుగు నాళ్ళ కోసం ఊరినంతా లేపనేల...*