గుండీలు కుట్టినట్టు పూసే చెట్టు

రాజమణికి ఆ వారమంతా ఒకటే గుబులు. గురువు ఎల్లదాసు గుండె బాగా నీరసించిందని డాక్టరు తేల్చేశాడు. నెలలు కావచ్చు, రోజులు కావచ్చు, చెప్పలేం అన్నాడు.

ఎల్లదాసు పగలు దర్జీ. సాయంత్రం మిషన్ల మీద గుడ్డ కప్పాక, అదే కొట్లో ఓ పదిమందిని కూర్చోబెట్టుకుని తత్వాలు చెప్పేవాడు. కుట్టు నేర్చుకుందామని వచ్చిన రాజమణి ఆ పదిమందిలో కూడా కూర్చుండిపోయింది. ఆరేళ్ళయింది.

డాక్టరు మాట విన్నప్పటి నుంచి ఆమె ఒకే ప్రశ్న మూడుసార్లు అడిగింది. "మీరు పోయినంక మిమ్ముల నేను ఏడ వెతుక్కోవాలె అయ్యా?"

మొదటిసారి ఆయన సూదిలో దారం ఎక్కించమన్నాడు. రెండోసారి కత్తెర సాన పట్టించుకు రమ్మన్నాడు. మూడోసారి తలెత్తి చూశాడు.

"ఆయితారం నన్ను ఆ పెద్దతోటకు తీస్కపో."

పెద్దతోట అంటే ఊరి చివర బొటానికల్ గార్డెన్. మిగతా శిష్యులు వద్దన్నారు. ఆయన వినలేదు. చివరికి అందరిలో పెద్దవాడైన లింబాద్రి మందుల సంచి రాజమణి చేతికిస్తూ, ఎట్ల తీసుకుపోతున్నావో అట్లనే తేవాలె, ఒక్క గుండీ తగ్గినా ఊరుకోనన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ ఆమెకు నవ్వు రాలేదు.

ఆదివారం బస్సులో ఎల్లదాసు కిటికీ పక్కన చిన్నపిల్లాడిలా కూర్చున్నాడు. ఆ తోటలో గుట్ట మీద నాగమల్లి చెట్టు ఉందట. పూలు కొమ్మలకు కాదు, మానుకే పూస్తాయట, గుండీలు కుట్టినట్టు. అది చూడాలె అన్నాడు. రాజమణి మాత్రలు లెక్క చూసుకుంటోంది. ఊఁ అంది.

గేటు దగ్గర తోట పటం ముందు నిలబడి మళ్ళీ ఆ చెట్టు మాటే ఎత్తాడు. ఆమె మంచినీళ్ళ సీసా మూత తీసింది.

"సూద్దాం తియ్యి అయ్యా. ముందు ఈ గోలి మింగుండ్రి."

తోటంతా జనం. పచ్చిక మీద దుప్పట్లు, పులిహోర డబ్బాలు, బంతులాటలు. రాజమణికి ఏ చెట్టూ కనిపించలేదు. మెట్లు కనిపించాయి, ఆయన కాలు జారే తడి కనిపించింది, ఎండ కనిపించింది. పది అడుగులకోసారి ఆయన మణికట్టు పట్టుకుని నాడి చూసింది. తామరకొలను పక్కన నీడలో బెంచీ దొరికితే కూర్చోబెట్టి, ఇక్కణ్ణించి కదలొద్దని మరీమరీ చెప్పి, టీ కోసం వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి బెంచీ మీద సంచి ఉంది. ఆయన లేడు.

టీ చేతిమీద ఒలికింది. కొలనులోకి తొంగిచూసింది. మరుగుదొడ్ల దగ్గరికి పరుగెత్తి, లోపలి నుంచి వస్తున్న మగవాళ్ళను ఒక్కొక్కరినీ అడిగింది. గేటుకు వెళ్ళింది, మళ్ళీ బెంచీకి వచ్చి సంచి భుజాన వేసుకుంది. ఎవరో పడిపోయారట అని ఎవరో అంటే అటు ఉరికింది. పడింది ఎవరి సైకిలో. ఆయన పడిపోయి ఉంటాడు, ఏ పొద వెనకో, మాత్ర తన సంచిలో ఉండగానే. ఆ ఆలోచన వచ్చాక గేటు పక్కనున్న మైకు గదికి ఉరికింది.

అక్కడ ఒకావిడ కళ్ళద్దాలు సర్దుకుని, ఇద్దరి పేర్లూ రాసుకుని, ఆనవాళ్ళు అడిగింది. రాజమణి గడగడా చెప్పింది. డెబ్బై ఎనిమిదేళ్ళు. పొద్దున బీపీ నూటయాభై. మూడు పూటలా వేసే మాత్రల పేర్లు.

"అవన్నీ సరేనమ్మా. ఏ రంగు చొక్కా వేసుకున్నారు?"

రాజమణి నోరు తెరిచింది. పొద్దుట్నుంచి పక్కనే ఉంది. చెయ్యి వదల్లేదు. రంగు గుర్తు రాలేదు.

ఆవిడ మైకు దగ్గరికి లాక్కుంటూ, ఊరికే అడిగినట్టు అడిగింది. "ఇంతకీ ఏం చూద్దామని వచ్చారు ఆయన?"

బస్సులో ఆయన చెప్పిన మాట రాజమణికి అప్పుడు చెవిన పడింది. ఆవిడకు చెప్పకుండానే బయటపడింది.

గుట్ట దారి నిండా రాలిన ఆకులు. ఎక్కుతుంటే ఆమెకే ఆయాసం వచ్చింది. పైన కంచె లోపల చెట్టు నిలబడి ఉంది. కంచె బయట రాయి మీద, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎల్లదాసు.

ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి ఆమెకు. ఎక్కడెక్కడ తిరిగిందో, ఎవరెవర్ని అడిగిందో, కొలనులోకి కూడా చూశానని, అన్నీ కలిపి అనేసింది. ఈ గుట్ట ఎట్లా ఎక్కారని గదమాయించింది. ఆగుకుంట ఆగుకుంట అచ్చిన అన్నాడాయన.

అప్పుడే మైకు మోగింది. ఎల్లదాసుగారు ఎక్కడున్నా వెంటనే గేటు దగ్గరికి రావాలి, రాజమణిగారు మీకోసం వెతుకుతున్నారు. రెండుసార్లు చెప్పింది. ఆయన రెండుసార్లూ చివరిదాకా విన్నాడు. తర్వాత పక్కన రాయి మీద చోటు చేసి, మెల్లగా అన్నాడు.

"ఈ చెట్టు సూడాలెనని పొద్దుగాలనే చెప్పిన గదా బిడ్డా."

రాజమణి కూర్చుంది. నాలుగోసారి అడుగుదామని వారమంతా మనసులో మోసిన ప్రశ్న నోటిదాకా వచ్చి, అక్కడే ఆగిపోయింది.

ఎదురుగా మాను నిండా పూలు, కింది నుంచి పైదాకా, వరసగా. పక్కన ఆయన. లాల్చీ లేత నీలం. మూడో గుండీ లేదు.

ఆమె సంచిలో చెయ్యి పెట్టి, మాత్రల కింద సూదీదారం కోసం వెతికింది.