గాలి పోయే చోటు

జాతీయ ఫుట్‌బాల్ జట్టు పెద్ద పోటీలకని వెళ్ళి, మూడంటే మూడు ఆటలాడి ఇంటికొచ్చేసింది. ఒకటి డ్రా, రెండు ఓటములు. ఆ వారం దేశంలో ఫుట్‌బాల్ పండితుడు కానివాడు ఒక్కడూ మిగల్లేదు. బంతి గుండ్రంగా ఉంటుందని మాత్రమే తెలిసినవాళ్ళు కూడా టీవీలో కూర్చుని, ఈ జట్టుకు ఇక భవిష్యత్తు లేదని తేల్చేశారు. ఒక పత్రిక ‘ఆడలేక మద్దెల ఓడు’ అని హెడ్డింగు పెట్టింది. అది కోచ్‌ని అన్నదో, ఆటగాళ్ళని అన్నదో రాసినవాడికే తెలియాలి.

కోచ్ పేరు ఐలేశ్. సొంతూరు సికింద్రాబాద్ పక్కన బొల్లారం. తిరిగొచ్చి తొమ్మిది రోజులైంది. సోమవారంలోగా రిపోర్టు పంపమని ఢిల్లీ నుంచి కబురొచ్చింది. ఎందుకు ఓడామన్నదానికి మూడు పేజీలు రాశాడు. ఎవరిని తీసేయాలన్నదానికి ఆరు పేర్లు రాశాడు. వచ్చే నాలుగేళ్ళలో ఏమైనా ఆశ ఉందా అన్నచోట పెన్ను ఆగిపోయింది. పైవాళ్ళకు రిపోర్టు నచ్చకపోతే ఏడో పేరు తనదే అవుతుందని అతనికి బాగా తెలుసు.

ఆదివారం పొద్దున ఆ కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని ఖుద్దూస్ ఉస్తాద్ దగ్గరికి బయల్దేరాడు.

ఉస్తాద్‌కు ఎనభై దాటాయి. బొల్లారం మట్టి గ్రౌండులో యాభై ఏళ్ళు ఆట నేర్పాడు. ఇప్పుడు మోకాళ్ళు సహకరించక, గోడ నీడన కుర్చీ వేసుకుని గ్రౌండు బంతులు బాగుచేస్తుంటాడు. ఆయన పద్ధతి ఒకటి ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. కొత్తగా చేరినవాడు తొలి వారం బంతి తన్నకూడదు, గాలి మాత్రమే కొట్టాలి. పంపు సూదిని నోట్లో పెట్టి తడిపి మెల్లగా గుచ్చాలి. పొడి సూది గుచ్చితే లోపలి రబ్బరు ఒరుసుకుని గాలి నిలవదు, అదే అలవాటైతే చీలిపోతుంది. ఐలేశ్ కూడా పదేళ్ళ వయసులో ఆ వారం గడిపినవాడే. “ఆట నేర్పమని పంపిస్తే సైకిల్ షాపు పని నేర్పిస్తుండేంది?” అని అప్పట్లో వాళ్ళమ్మ గొణిగింది.

అతను వెళ్ళేసరికి ఉస్తాద్ ఒక బంతికి ఊడిన కుట్టు వేస్తున్నాడు. తలెత్తి చూసి నవ్వాడు.

“ఆవో బేటా, కూసో. చాయ్ తాగుతవా?”

“వద్దు ఉస్తాద్.”

“ఖాళీగ కూసోకు మరి. ఆ బంతి మెత్తగున్నది. గాలి కొట్టు.”

పంపు గోడవారనే ఉంది. ఐలేశ్ బంతిని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని సూది గుచ్చి కొట్టడం మొదలుపెట్టాడు. చేతుల పని చేతులది, నోటి పని నోటిది. తొమ్మిది రోజులుగా దాచుకున్న కోపమంతా బయటికొచ్చింది.

“మూడో ఆట మనం గెలవాల్సింది ఉస్తాద్. డెబ్బై ఎనిమిదో నిమిషం దాంక ఒకటి ఒకటి మీద ఉన్నం. ఆ రేమా చేసిండు మొత్తం. మిజోరం పిలగాడు, ఇరవై రెండేండ్లు, ఎడమ దిక్కు బ్యాక్ ఆడ్తడు. మన గోల్‌కీపర్‌కు ఇయ్యబోయి బంతి తీస్కపోయి వాళ్ళ కాళ్ళల్ల పెట్టిండు. రెండేండ్ల నా కష్టం మట్టిల కలిపిండు.”

“అంతకు ముందు ఎట్ల ఆడిండు?”

“అబద్ధమెందుకు, మొదటి రెండు ఆటలు మంచిగనే ఆడిండు. మూడో ఆట మొదటి సగంల ఒక్కసారి తడబడ్డడు. అందుకే హాఫ్ టైంల అందరి ముంగట పట్టుకున్న. నీ వల్ల గోల్ పడ్డదంటే మల్ల ఈ జెర్సీ ముట్టవు, మీ ఊర్ల మొకం చూపియ్యలేవు అన్న. గట్టిగనే గాలి కొట్టిన. ఏం లాభం?”

ఉస్తాద్ దారాన్ని పళ్ళతో తెంపాడు.

“ఇప్పుడెట్లున్నడు పిలగాడు?”

“తెల్వదు. వాళ్ళ ఊరికి పోయిండంట. నేను మాట్లాడలె.”

ఐలేశ్ సూది లాగేసి బంతిని కింద పెట్టాడు. జేబులోంచి కాగితాలు తీసి ఆరు పేర్లూ చదివాడు. మొదటి పేరు రేమాది.

“ఈ ఆరుగురిని తీసేస్తే టీం నిలబడ్తది. మీరు ఊ అంటే రేపు పంపిస్త. నిజం చెప్పున్రి ఉస్తాద్, వచ్చే నాలుగేండ్లల్ల మనం ముందుకు పోతమా?”

ఉస్తాద్ కాగితాల వైపు చూడలేదు. కింద ఉన్న బంతిని అందుకుని బొటనవేలితో నొక్కాడు. వేలు దిగింది.

“గాలి నిలిస్తే ముందుకు పోతది,” అన్నాడు. “ఇప్పుడే కొడ్తివి, అప్పుడే మెత్తబడ్డది. గాలి యాడ పోతుందో చూడు.”

కుర్చీ పక్కన రేకు తొట్టిలో నీళ్ళున్నాయి. ఐలేశ్‌కు చిర్రెత్తుకొచ్చింది. దేశమంతా అడుగుతున్న ప్రశ్న పట్టుకొస్తే, ఈయన పంక్చరు పని చెప్తాడేమిటి? అయినా ఉస్తాద్ మాటకు ఎదురు చెప్పే అలవాటు అతనికి లేదు. చొక్కా చేతులు పైకి మడిచాడు. కాగితాలు పక్కనున్న స్టూలు మీద పెట్టాడు.

బంతి ఒక పట్టాన మునగలేదు. పైనుంచి అరచెయ్యి వేసి బలంగా అదిమాడు. కుట్ల పొడవునా బుడగలు లేచాయి.

“ఇదిగో, ఈడ పోతుంది,” అని బంతి పైకి తీసి, తుడిచి, సుద్దముక్కతో గుర్తు పెట్టాడు. మళ్ళీ ముంచాడు. ఇంకోచోట బుడగలు వచ్చాయి. అక్కడా గుర్తు పెట్టాడు. అటు తిప్పి ఇటు తిప్పి నాలుగైదు గుర్తులు పెట్టేసరికి తొట్టిలో నీళ్ళు సగం అతని ప్యాంటు మీదికే వచ్చాయి.

“అవి కుట్ల సందులల్ల ఇరుక్కున్న గాలి బేటా. బయటిది. ఏ బంతి ముంచినా వస్తది,” అన్నాడు ఉస్తాద్. “ఊకె తిప్పకు. నీళ్ళు నిలవనీ.”

ఐలేశ్ బంతిని అదిమిపట్టి ఊరుకున్నాడు. గ్రౌండు అవతలి కొసన ఎవరో ఈల వేశారు. నీళ్ళు ఊగి ఊగి నిలిచాయి. కుట్ల మీది బుడగలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. సుద్ద గుర్తులు కరిగి నీళ్ళలో కలిశాయి. అయినా ఎక్కణ్నుంచో సన్నగా బుడగలు వస్తూనే ఉన్నాయి. తల వంచి చూశాడు. అవి అతని వేళ్ళ సందుల్లోంచి వస్తున్నాయి.

“కుట్లన్నీ మంచిగనే ఉన్నయి ఉస్తాద్. మరి ఇవి ఏడికెల్లి వస్తున్నయి?”

“నీ చెయ్యి జరుపు.”

రెండో చేత్తో బంతిని పట్టుకుని అరచెయ్యి పక్కకు జరిపాడు. దాని కింద ఉన్నది వాల్వు, గాలి కొట్టే కన్నం. బుడగలు తిన్నగా అక్కణ్నుంచే లేస్తున్నాయి.

“సూది తడిపినవా?” అని అడిగాడు ఉస్తాద్.

కోపంగా అడగలేదు. చాయ్‌లో చక్కెర సరిపోయిందా అని అడిగినట్టే అడిగాడు.

ఐలేశ్ పంపుకున్న సూది వైపు చూశాడు. చెవుల దాకా సిగ్గు ముంచుకొచ్చింది. పదేళ్ళప్పుడు నేర్చుకున్న మొదటి సంగతి అది. చేతులు నీళ్ళలోనే ఉంచి అలా కూర్చుండిపోయాడు. ఆ రోజు హాఫ్ టైంలో తను అరుస్తున్నంతసేపూ రేమా తల ఎత్తలేదు. బూటు లేసు విప్పాడు, కట్టుకున్నాడు. మళ్ళీ విప్పాడు, మళ్ళీ కట్టుకున్నాడు. అప్పుడది ఐలేశ్ కళ్ళ ముందే జరిగింది. చూసింది మాత్రం ఇప్పుడే.

బంతిని నీళ్ళలోంచి తీసి ఉస్తాద్ ముందు పట్టుకున్నాడు.

“ఇది ఇంక పనికి రాదా ఉస్తాద్?”

“బంతికేమైంది?” అన్నాడు ఉస్తాద్.

బంతిని తీసుకుని ఒళ్ళో పెట్టుకుని తుడిచాడు. రబ్బరు మెత్తబడేలా చిన్న సీసాలోంచి వాల్వులో రెండు చుక్కల గ్లిజరిన్ వేశాడు. వేలితో కాసేపు నెమ్మదిగా రుద్దాడు. తొందరేమీ లేదు ఆయనకు. తర్వాత బంతినీ పంపునూ మళ్ళీ ఐలేశ్ చేతికే ఇచ్చాడు.

ఐలేశ్ సూదిని నోట్లో పెట్టుకున్నాడు. నోరు ఎండిపోయి ఉంది. సూది పెట్టినంత పొడిగానే బయటికొచ్చింది. ఉస్తాద్ తన పక్కనున్న గ్లాసు నీళ్ళు ముందుకు జరిపాడు.

ఒక్క గుక్క తాగి సూది తడిపాడు. మెల్లగా గుచ్చాడు. ఈసారి మాట్లాడకుండా, నిదానంగా గాలి కొట్టాడు. తొట్టిలో ముంచి, నీళ్ళు నిలిచేదాకా ఆగాడు. ఎంతసేపు చూసినా బుడగ లేవలేదు.

స్టూలు మీది కాగితాలు గాలికి రెపరెపలాడుతుంటే ఉస్తాద్ తొట్టిలోంచి ఆ బంతి తీసి వాటి మీద పెట్టాడు. ఇంకో బంతి ఒళ్ళోకి తీసుకుని సూదిలో దారం ఎక్కించే పనిలో పడ్డాడు.

ఐలేశ్ లేచి ఫోన్ తీశాడు. గేటు వైపు నాలుగు అడుగులు నడుస్తూ రేమా నంబరు వెతికాడు. నంబరు దొరికింది. అక్కడే ఆగాడు. గ్లాసులో ఇంకా సగం నీళ్ళున్నాయి. వెనక్కి వచ్చి ఆ నీళ్ళన్నీ తాగి, అప్పుడు ఫోన్ చేశాడు.