గోడవార ఆరు సమాధులు

"మాస్టారూ, ఎదుటి మనిషి మనసు కుదుటపడుతుందంటే ఓ చిన్న అబద్ధమాడితే తప్పేమిటి?" అని సువర్చల అడిగింది. విశాఖ పాతపట్నం చూడవచ్చినవాళ్ళను వెంటబెట్టుకుని తిప్పే పని ఆమె అప్పలనరసయ్య మాస్టారి దగ్గర నేర్చుకుంటోంది. ఆయన ఏ ప్రశ్నకూ తిన్నగా జవాబు చెప్పిన పాపాన పోలేదు. "నడు, ఎండెక్కుతోంది," అన్నారు.

ఆ రోజు చూడవచ్చినవాళ్ళం మేం తొమ్మిదిమందిమి. ముందు పాత సమాధుల తోట, ఆపైన గుడీ చర్చీ దర్గా పక్కపక్కనే ఉన్న మూడు కొండలు, ఆఖర్న సముద్రం. నా మట్టుకు నాకు సముద్రం మీదే ధ్యాస. సమాధులు చూడ్డానికా ఇంత దూరం వచ్చింది అని గొణుక్కున్నాను కూడా.

తోటలో గోడవార ఒక ముసలమ్మ సున్నం డబ్బా పట్టుకుని నిలబడి ఉంది. పేరు కరుణమ్మ, రాజమండ్రి నుంచి వచ్చిందట. సమాధుల పండుగకు అయినవాళ్ళ సమాధి కడిగి, సున్నం వేసి, కొవ్వొత్తి వెలిగించడం వాళ్ళ ఆనవాయితీ. వాళ్ళ నాన్న ఇక్కడ రైల్వేలో పనిచేసే రోజుల్లో రెండేళ్ళ చెల్లెలు మశూచితో పోయింది. ఆయనకు బదిలీ అయ్యాక ఇటు వచ్చినవాళ్ళు లేరు. గోడవార చూస్తే పసిపిల్లల సమాధులు ఆరున్నాయి. ఒక్కదాని మీదా అక్షరం మిగల్లేదు.

"నాయనా, ఏళ్ళ తరబడి ఈ తోట చూపిస్తున్నావంటగా. మా చిట్టి ఏది? మోకాళ్ళు పోయాయి, మళ్ళీ రాలేను," అంది మాస్టారితో.

సువర్చల మాస్టారి వెనక్కి చేరి, ఏదో ఒకటి చూపించెయ్యండి అని గుసగుసలాడింది. నేనైతే చూపించేసేవాణ్ణే.

"తెలీదు మామ్మగారూ. ఈ ఆరింట్లో ఒకటి. ఏదో నాకు తెలీదు," అన్నారు మాస్టారు.

పాపం, ఆవిడ గోడకు చేరగిలబడి భోరుమంది. ఏం మనిషండీ బాబూ, ఒక్క ముక్క చెబితే నోటి ముత్యాలు రాలిపోతాయా! సువర్చల మొహం ఎర్రబడింది. మాస్టారు మాత్రం చొక్కా చేతులు పైకి మడిచి, మొదటి సమాధి మీది గడ్డి పీకడం మొదలుపెట్టారు.

కాసేపు ఆయన్నే చూసి, కరుణమ్మ కళ్ళు తుడుచుకుని లేచింది. డబ్బాలోకి తొంగిచూసి, "ఇది ఒక్కదానికే వస్తుంది. ఆరింటికీ వెయ్యాలి," అంది.

బజారుకు పరుగెత్తి సున్నమూ కుంచెలూ తెచ్చింది మరెవరో కాదు, నేనే. అందరం తలో చెయ్యీ వేశాం. ఆ పూటకు కొండలూ లేవు, సముద్రమూ లేదు. మధ్యాహ్నానికి సమాధులన్నీ తెల్లబడ్డాయి. ఆవిడ తన ఒక్క కొవ్వొత్తినీ ముక్కలు చేసి, ఒక్కోదాని దగ్గరా వంగి, "ఏమే చిట్టీ, అక్కనొచ్చానే," అంటూ వెలిగించింది. ఆరుసార్లూ అదే పిలుపు. ఆరోసారి కూడా గొంతు మొదటిసారి ఎలా ఉందో అలాగే ఉంది. నాకు ఏడుపాగలేదు.

తిరిగొస్తుంటే సువర్చల వదల్లేదు. "ఒకటి చూపించి ఉంటే ఆవిడ అంతలా ఏడ్చేది కాదు కదా మాస్టారూ!"

"ఏడ్చేది కాదు," అన్నారాయన. "మిగతా అయిదుగురినీ మరెవరు పిలిచేవారమ్మా?"