దీనమ్మ దాటని మాట

కృపానందం అయ్యగారిని ఏదన్నా అడిగితే జవాబు రాదు, పని వస్తుందని మట్లపాలెం సంఘంలో అందరికీ తెలుసు. బైబిలు కళాశాలలో మూడేళ్ళు చదివి, ఏడాది అభ్యాసానికి ఆయన దగ్గరికి వచ్చిన నతానియేలు ఆ పద్ధతికి ఇంకా అలవాటు పడలేదు. ఈస్టరు వెళ్ళిన బుధవారం ఉదయం ప్రార్థన కాగానే అతను చంకలో చుట్టిన అట్ట పెట్టుకుని అయ్యగారి ఎదుట నిలబడ్డాడు.

"అయ్యగారూ, వీళ్ళ చేత బైబిలు చదివించడం ఎట్లాగండీ?" అన్నాడు. అడిగినట్టు కంటే ఫిర్యాదు చేసినట్టుగా ఉంది.

ఆ అట్ట మీదున్నది కొత్త సంవత్సరం నాడు అతనే గీసి గుడి గోడకు తగిలించిన పట్టిక. ఎడమ పక్క పేర్లు, పైన మత్తయి మొదలుకొని అధ్యాయాలు. రోజుకో అధ్యాయం చదివి, ఆదివారం వచ్చినప్పుడు గడిలో టిక్కు పెట్టాలి. జనవరి అంతా బాగానే నడిచింది. ఆ తర్వాత ఒక కుటుంబం మూడు వారాల టిక్కులు ఒకే పూట, ఒకే పెన్నుతో గీకేసింది. సంఘపెద్ద మోజెసుగారు ఇంకా రాని మే నెల గడులు కూడా నింపేశాడు. ఇదేమిటంటే, మేలో అమ్మాయి కాన్పు, అప్పుడు తీరిక ఉండదన్నాడు. స్త్రీల సమాజం కార్యదర్శి తనకూ, పక్కింటామెకూ, పక్కింటామె అత్తకూ కలిపి పెట్టింది. ఆ అత్త చనిపోయి అప్పటికి నెల దాటింది.

"పట్టిక చూస్తే సంఘమంతా చదువుతోంది. ఆదివారం ఒక్క ప్రశ్న వేస్తే అందరూ ఫ్యాను వంక చూస్తారు. నా వల్ల కాదండీ ఇక," అన్నాడు నతానియేలు.

అయ్యగారు అట్ట విప్పి, వేలు పెట్టి పేర్ల వెంట కిందికి వచ్చారు. ఒకచోట ఆగారు. "దీనమ్మకు నాలుగే ఉన్నాయేం?"

"ఆవిడ సంగతి అడక్కండి. జనవరి నాలుగో తారీకుతో ఆగిపోయింది. ఎప్పుడడిగినా 'చదువుతున్నానయ్యా' అంటుంది. అబద్ధం కూడా సరిగ్గా ఆడదు."

"ఒకసారి వాళ్ళింటికెళ్ళి, పక్కన కూర్చుని చదివించిరా," అన్నారు అయ్యగారు.

నతానియేలుకు ఒళ్ళు మండింది. తను అడిగింది ఊరందరి గురించి. ఆయన పంపుతున్నది ఒక్క ఇంటికి. అయినా వెళ్ళాడు.

దీనమ్మ అప్పుడే ఉప్పు మళ్ళలోంచి వచ్చినట్టుంది, మోకాళ్ళ దాకా ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది. అరవై దాటిన మనిషి. చిన్నయ్యగారు చదివించడానికి వచ్చారనగానే చేతులు కడుక్కుని, దారం కట్టిన కళ్ళజోడు పెట్టుకుని, బైబిలు తెచ్చి అరుగు మీద కూర్చుంది. పుస్తకం దానంతటదే ఒకచోట తెరుచుకుంది. ఆ పేజీ అంచు చేతి చెమటకు నల్లబడి మెత్తబడిపోయి ఉంది. మత్తయి అయిదో అధ్యాయం.

ఆమె కూడబలుక్కుంటూ చదవసాగింది. అతను వాచీ చూసుకున్నాడు. దేవుడికి కానుక తెచ్చినవాడి సంగతి రాగానే ఆమె గొంతు ఆగింది.

"ఇక్కడిదాకే వస్తానయ్యా."

"కళ్ళు ఆనడం లేదా?"

"ఆనుతున్నయి."

"మరి అర్థం కాలేదా? నీ వల్ల ఎవరికైనా నొప్పి కలిగిందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలి, ముందు వెళ్ళి వాళ్ళతో సమాధానపడి రమ్మని. తేలిక మాటే కదమ్మా."

"అర్థమయ్యే ఆగానయ్యా."

అతనికి విసుగు ముంచుకొచ్చింది. "మూడు నెలల పైన ఇక్కడే కూర్చుంటే ఎట్లాగమ్మా? దాన్ని దాటేసి ముందుకెళ్ళండి. తర్వాత చూసుకోవచ్చు."

దీనమ్మ కళ్ళజోడు పైనుంచి అతని వంక చూసింది. "దాటొచ్చా అయ్యా? మీరు చదువుకున్నోళ్ళు. మీరు దాటొచ్చంటే దాటతాను." పేజీ మూల వేలితో పట్టుకుని నిజంగానే ఎదురుచూసింది.

దాటొచ్చు అనబోయాడు నతానియేలు. నోరు రాలేదు. ఆ భాగం మీదే కళాశాలలో వ్యాసం రాసి డెబ్బై ఆరు మార్కులు తెచ్చుకున్నాడు అతను. "ఎవరితోనమ్మా?" అన్నాడు.

"మా సువార్తమ్మక్కతో. నా తోడికోడలు."

అతను ఆశ్చర్యపోయాడు. ప్రతి శనివారం గుడి ఊడ్చేది ఆ సువార్తమ్మే. ఆదివారం ఆమె తూర్పు కిటికీ దగ్గర కూర్చుంటుంది, దీనమ్మ వాకిలి పక్కన. ఇద్దరూ ఒకింటి కోడళ్ళని ఎన్నడూ అనిపించలేదు.

"పదకొండేళ్ళయింది. మా అత్త మంచాన పడితే నేను పొగాకు పనికి పోయి రెండు నెలలు రాలేదు. ఎత్తిందీ పోసిందీ అంతా అక్కే. నేనొచ్చేసరికి పెట్టె మూస్తున్నారు. జనమంతా నా వంక చూశారు. ఆ చూపు ఓర్చలేక, గంజి పొయ్యక చంపావని సమాధి దగ్గర అందరి ముందరా అక్కనన్నాను. ఆమె తిరిగి మాట అనలేదు. ఈనాటికీ అనలేదు." దీనమ్మ బైబిలు మూసింది. "రోజూ తెల్లారి తీస్తాను. ఈ మాట కాడికొచ్చేసరికి కోపమొస్తది, మూసేస్తాను. రేపన్నా ముందుకు పోదామని మళ్ళీ తీస్తాను. మళ్ళీ ఇదే అడుగుద్ది."

నతానియేలు అలవాటు కొద్దీ కళ్ళు మూసుకుని, "ప్రార్థన చేసుకుందామమ్మా," అన్నాడు.

"అది చేస్తానే ఉన్నానయ్యా. కాస్త తోడు రాండి," అని దీనమ్మ చెప్పులు తొడుక్కుంది.

సువార్తమ్మ వాకిట్లో పీట మీద కూర్చుని చేపలు శుభ్రం చేస్తోంది. వచ్చిందెవరో చూసి కూడా లేవలేదు. దీనమ్మ ఎండలోనే నిలబడి, దారంతా కూడగట్టుకున్న మాట చెప్పింది. "అక్కా, అత్తని నువ్వే చూశావు. నేను రాలేదు. ఆ సిగ్గు తెచ్చి నీ నెత్తిన పోశాను."

సువార్తమ్మ ఇంకో రెండు చేపలు కోసింది. "నాలుగు సందులు దాటి రావడానికి పదకొండేళ్ళు పట్టిందా నీకు," అంది. ఇంకో చేప తీసుకుంటూ, "ఆ మాట పట్టుకునే నా కొడుక్కి పిల్లనిస్తామన్నోళ్ళు వెనక్కిపోయారు. తెలుసా?"

"తెలవదక్కా."

"తెలుసుకో."

నతానియేలు ప్రసంగాల్లో ఇలాంటి చోట ఇద్దరూ కావలించుకుని ఏడుస్తారు. ఇక్కడ ఎవరూ ఏడవలేదు. సువార్తమ్మ చేతులు కడుక్కుని లోపలికెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి అతనికి ఇచ్చింది. దీనమ్మకు ఇవ్వలేదు. మళ్ళీ పీట మీద కూర్చుని, తలెత్తకుండానే, "ఎండలో నిలబడతావేం, నీడకు జరుగు," అంది. దీనమ్మ నీడకు జరిగింది. అంతే జరిగింది.

తిరిగొస్తూ దీనమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, "రేపు మళ్ళీ పోతాను," అంది. అతన్ని తోడు రమ్మనలేదు.

నతానియేలు వచ్చేసరికి అయ్యగారు చిరిగిన పాటల పుస్తకాలకు మైదా రాసి అట్టలు అంటిస్తున్నారు. అతను ఒక్క మాట దాచకుండా, తను తొందరపెట్టిన సంగతితో సహా, జరిగిందంతా చెప్పాడు. చెబుతున్నకొద్దీ పొద్దుటి విసుగు మళ్ళీ పైకొచ్చింది. "సమాధానపడిందీ లేదు, ఏమీ లేదు. నీడకు జరగమంది, అంతే. నేను మిమ్మల్ని అడిగింది సంఘం చేత చదివించడం గురించి అయ్యగారూ. ఒక్క ఇంట్లోనే పూటంతా గడిచిపోయింది. దీనమ్మగారు ఒక్క అధ్యాయం కూడా ముందుకు వెళ్ళలేదు."

అయ్యగారు అట్ట మీద అరచెయ్యి వేసి, అంటుకునేదాకా నొక్కిపట్టారు.

"ఆమె ఆ మాట దాటలేకపోయింది సరే," అన్నారు. "నువ్వెప్పుడు దాటావు నాయనా?"